ఎనిమిది మంది ఉన్న రూములో మౌన ధ్యానం



పోయిన ఎపిసోడ్ విన్నాక ఒక తమ్ముడు వాయిస్ మెసేజ్ పంపాడు. "అన్నా, రోజుకి కాసేపు దేవుని సన్నిధిలో మౌనంగా కూర్చోమన్నారు. మా రూములో ఎనిమిది మందిమి. ఒకరు నైట్ డ్యూటీ దిగి వచ్చేసరికి ఇంకొకరికి అలారం మోగుతుంది. పై మంచం మీద ఉన్నాయన ఇంటికి వీడియో కాల్, కింద మంచం మీద ఉన్నాయన సినిమా. మౌనం నేనెక్కడి నుంచి తేవాలి?"

ఈ వారం ఎపిసోడ్ మొత్తం ఈ ప్రశ్న మీదే మాట్లాడాను. ట్రాన్‌స్క్రిప్ట్ ఎప్పటిలాగే విడిగా ఉంటుంది. అందులో ఒకే మాట మూడుసార్లు చెప్పిన చోట్లు తీసేసి, టైం చాలక వదిలేసినవి కలిపి ఇది రాస్తున్నాను.

ధ్యానం అనగానే మన కళ్లకు కనపడేది ఒక నిశ్శబ్దమైన చోటు, మూసిన కళ్లు, ఖాళీ అయిన మనసు. ఆ బొమ్మ చూసి సగం మంది "అది మనకు కుదరదు" అని వదిలేస్తారు. ఇంకో సగం మంది "అది మన పద్ధతి కాదు, వేరేవాళ్లది" అని భయపడతారు. వేరేవాళ్లు చేసే ధ్యానం గురించి తీర్పు చెప్పడం నా పని కాదు. మన బైబిల్లో ఆ మాట ఎలా వాడారో మాత్రం చూద్దాం. 1వ కీర్తన 2వ వచనంలో, యెహోషువ 1:8లో తెలుగు బైబిలు "ధ్యానించు" అన్న చోట హెబ్రీలో ఉన్న మాట హగా. అది నోటితో చేసే పని. యెషయా 31:4లో వేటను పట్టుకున్న సింహం దాని మీద నిలబడి గుర్రుమంటుంది చూడండి, అక్కడా అదే మాట. యెషయా 38:14లో గువ్వ మూలుగుకీ అదే మాట. అంటే ధ్యానించేవాడు వాక్యాన్ని నోట్లో పెట్టుకుని సన్నగా గొణుగుతుంటాడు. వదలడు, మింగేయడు.

పాతకాలంలో చదవడమే చాలావరకు పైకి చదవడం. 4వ శతాబ్దం చివర్లో మిలాను బిషప్పు అంబ్రోసు పెదవులు కదపకుండా, గొంతు వినపడకుండా చదువుకుంటున్నాడని అగస్టీను తన 'కన్ఫెషన్స్'లో ప్రత్యేకంగా రాసుకున్నాడు. అది ఆయనకు అంత వింతగా తోచింది మరి.

కాబట్టి తమ్ముడూ, రూములో సౌండ్ ఆగాల్సిన పని లేదు. నీ పెదవుల దగ్గర చిన్న సౌండ్ ఉంటే చాలు. దుప్పటి కప్పుకుని గొణుక్కో. 4వ కీర్తన 4వ వచనంలో ధ్యానానికి చెప్పిన చోటు గుడి కాదు, పడక. 63వ కీర్తన 6వ వచనంలో కూడా పడకే. బంకు మంచానికి వాక్యంలో ఉన్న గౌరవం అది. తలుపు వేసుకుని ప్రార్థన చేయమన్న యేసుప్రభువు కూడా కపెర్నహూములో ఏం చేశారు? సాయంత్రం సీమోను ఇంటి ముందు ఊరంతా పోగైంది. ఇంకా చాలా చీకటి ఉండగానే లేచి ఆయన బయటికి వెళ్లారు (మార్కు 1:35). చోటు లేకపోతే వేళ మార్చుకున్నారు.

మన తెలుగులో దీనికి అచ్చంగా సరిపోయే మాట ఇంకోటి ఉంది. నెమరు. ఆవు చేలో ఉన్నంతసేపూ గబగబా మేస్తుంది. తర్వాత చెట్టు నీడన పడుకుని, తిన్నదాన్నే మళ్లీ నోట్లోకి తెచ్చుకుని నిదానంగా నములుతుంది. యూరప్‌లోని పాత మఠాల్లో సన్యాసులు కూడా వాక్యధ్యానాన్ని లాటిన్‌లో నెమరువేయడం అనే మాటతోనే పిలిచేవాళ్లు. 12వ శతాబ్దంలో రెండో గీగో అనే సన్యాసి దీన్ని నాలుగు మెట్ల నిచ్చెనగా రాశాడు: చదవడం, ధ్యానించడం, ప్రార్థించడం, ఆ తర్వాత ఊరికే దేవుని దగ్గర ఉండిపోవడం. ఆయన పోలిక కూడా తిండిదే. చదవడం అంటే ముద్ద నోట్లో పెట్టుకోవడం, ధ్యానం అంటే నమలడం, ప్రార్థన అంటే రుచి తీయడం, చివరిది ఆ తీపి.

మనకు మొదటి మెట్టు దగ్గర లోటు లేదు. శుక్రవారం ఆరాధన, బుధవారం జూమ్ ప్రార్థన, మధ్యలో యూట్యూబ్‌లో ముగ్గురు దైవజనులు. మేత బాగానే ఉంది, నెమరుకే టైం లేదు. మన కూడికల్లో మౌనానికి చోటు తక్కువ, అది ఒప్పుకోవాలి. పాస్టరుగారు "రెండు నిమిషాలు మౌనంగా ప్రార్థన చేసుకుందాం" అనగానే కీబోర్డు తమ్ముడు మెల్లగా వాయించడం మొదలుపెడతాడు. డప్పు, తప్పెట్లు, స్తుతి నాకూ ఇష్టమే. కానీ ఒక్కసారైనా ఆ కీబోర్డు ఆగితే బాగుండనిపిస్తుంది.

మౌనంగా ఉండలేకపోవడానికి అసలు కారణం రూము కాదని మీలో చాలామందికి తెలుసు. ఫోన్ పక్కన పెట్టగానే ఊరు గుర్తొస్తుంది. ఏజెంటుకు కట్టడానికి తెచ్చిన మూడు రూపాయల వడ్డీ, నాన్న మోకాళ్లు, చెల్లి పెళ్లి, మొన్న ఫోన్లో ఆమె మాట్లాడిన తీరు. అవన్నీ వినపడకూడదనే రీల్స్ చూస్తూ నిద్రపోతాం. తెలుగులో చింత, చింతన ఒకే కుదురులోంచి వచ్చాయి. రాత్రి రెండింటిదాకా వడ్డీ లెక్క నెమరువేసే మనసుకి నెమరు కొత్తగా నేర్పక్కర్లేదు. చిక్కల్లా ఏంటంటే, ఆ లెక్క మనం ఒక్కళ్లమే కూర్చుని నములుతుంటాం.

ఇక్కడే ఏలీయా దగ్గరికి వెళ్దాం. 1 రాజులు 19వ అధ్యాయం. మౌనం గురించి మాట్లాడే ప్రతి బోధకుడూ గాలి, భూకంపం, అగ్ని, ఆ తర్వాత వచ్చిన మెల్లని స్వరం దగ్గర మొదలుపెడతాడు. దానికి ముందు జరిగింది కూడా చదవండి. ఆయన యెజెబెలుకు భయపడి దేశం దాటి అరణ్యంలోకి పోయాడు. ఒక చెట్టు కింద పడి, చచ్చిపోతే బాగుండునని ప్రార్థన చేసి నిద్రపోయాడు. అప్పుడు దేవుడు ఏ బోధా పంపలేదు. దూత తట్టి లేపితే తల దగ్గర నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్ల బుడ్డి ఉన్నాయి. తిని మళ్లీ పడుకున్నాడు. రెండోసారీ అంతే. రెండు నిద్రలు, రెండు భోజనాలు అయ్యాకే కొండకు ప్రయాణం.

పన్నెండు గంటల డ్యూటీ చేసి వచ్చి, ధ్యానంలో కునుకు పట్టిందని ఏడ్చే అన్నలు నాకు తెలుసు. ఏడవకండి. ముందు అన్నం తినండి, పడుకోండి. ఒంట్లో ఓపిక లేనప్పుడు నిద్రపోవడం భక్తి తగ్గడం కాదు.

ఇంకో సంగతి. ఆ గుహ దగ్గర దేవుడు ఏలీయాను రెండుసార్లు ఒకే ప్రశ్న అడుగుతాడు, నువ్వు ఇక్కడేం చేస్తున్నావని. రెండుసార్లూ ఆయన అదే ఫిర్యాదు అవే మాటల్లో చెబుతాడు. మెల్లని స్వరం విన్నాక కూడా ఫిర్యాదు మారలేదు! దేవుడు దానికి కోప్పడలేదు కూడా. అంటే చింతను బయట చెప్పులతో పాటు విడిచి లోపలికి రావాలన్న రూలు లేదు. దాన్ని పట్టుకునే రావచ్చు. ఆ వడ్డీ లెక్కే ఇప్పుడు ఇంకొకరి ఎదుట చెప్పుకుంటున్నాం, అంతే తేడా. ఆ తర్వాత దేవుడు ఆయనకు చేతినిండా పని చెప్పి వెనక్కి పంపాడు. హజాయేలును, యెహూను, ఎలీషాను అభిషేకించాలి. పైగా నువ్వొక్కడివే మిగల్లేదు, ఇంకా ఏడు వేల మంది ఉన్నారని చెప్పాడు. ఏడుపుతో మొదలైన ఆ మౌనం చివరికి ముగ్గురి పేర్ల దగ్గరికి, చేయాల్సిన పని దగ్గరికి వచ్చింది.

ఎండలో పనిచేసే అన్నలకు ఇంకొకాయన్ని పరిచయం చేయాలి. 4వ శతాబ్దంలో ఈజిప్టు ఎడారిలో వందల మంది సన్యాసులు చిన్న చిన్న గదుల్లో ఉండేవాళ్లు. తాళ్లు పేనడం, చాపలు, బుట్టలు అల్లడం వాళ్ల బతుకుతెరువు. చేతులు అల్లుతుంటే నోరు కీర్తనలు చెప్పుకునేది. వాళ్లలో ఎవాగ్రియు అనే ఆయన (399లో చనిపోయాడు) ఒక జబ్బు గురించి రాశాడు. దాని గ్రీకు పేరు అకీడియా. పొద్దున పది నుంచి మధ్యాహ్నం రెండు దాకా పట్టుకుంటుందట. సూర్యుడు కదలనే కదలడు, పగలు యాభై గంటలున్నట్టు ఉంటుంది. మాటిమాటికీ కిటికీలోంచి చూడాలనిపిస్తుంది. ఉన్న చోటు మీద, చేతిలో పని మీద అసహ్యం పుడుతుంది. సొంతవాళ్లు, వెనకటి బతుకు గుర్తొస్తాయి. ఇంకా ఎన్నేళ్లు ఇలా అని బెంగ. ఇది నేను క్యాంపులో మొదటిసారి చదివి వినిపించినప్పుడు ఒక మేస్త్రీ అన్న, "ఈయన కువైట్‌లో పనిచేశాడా?" అన్నాడు. ఎవాగ్రియు కూడా పరదేశే. ఇప్పటి టర్కీ ప్రాంతంలో పుట్టి, కాన్‌స్టాంటినోపుల్, యెరూషలేము మీదుగా ఆ ఎడారికి చేరాడు.

దీనికి వాళ్లు చెప్పిన మందు పెద్దదేం కాదు. ఎడారి సన్యాసులకు పెద్దదిక్కు అంతోనీకి కూడా ఈ నీరసం పట్టిందట. అప్పుడు తనలాంటివాడే ఒకడు కనిపించాడు. కూర్చుని తాడు పేనుతాడు, లేచి ప్రార్థన చేస్తాడు, మళ్లీ కూర్చుని పేనుతాడు. అలా చెయ్యి, నిలబడతావని దూత చెప్పినట్టు ఆ కథ. కాసేపు పని, కాసేపు ప్రార్థన. కువైట్‌లో జూన్ 1 నుంచి ఆగస్టు 31 దాకా పగలు 11 నుంచి 4 వరకు ఎండలో పని చేయించకూడదని రూలు ఉంది కదా. ఆ విరామంలో నిద్రకు ముందు ఐదు నిమిషాలు ఒక్క వచనం గొణుక్కోవడానికి సరిపోతాయి. మిగతా టైం పడుకోండి.

ఇళ్లలో పనిచేసే అక్కలకు ఆ విరామం కూడా లేదు. తెల్లారుజామున లేస్తే రాత్రి మామ వాళ్లు పడుకునేదాకా వంటగదే. అక్కలూ, మీకోసం పారిసులో ఒక వంటాయన ఉన్నాడు. 17వ శతాబ్దం, కార్మెలైట్ మఠం, పేరు బ్రదర్ లారెన్స్. సైన్యంలో గాయపడి కుంటుతూ వచ్చినవాడు. పెద్ద చదువు లేదు కాబట్టి వంటగదిలో వేశారు. వంటపని ఆయనకు స్వతహాగా అస్సలు ఇష్టం లేదు, ఆ మాట ఆయనే చెప్పాడు. అయినా ఏళ్ల తరబడి చేశాడు. తర్వాత చెప్పులు బాగుచేసే పనికి మారాడు. 1691లో చనిపోయాక ఆయన మాటలూ ఉత్తరాలూ పుస్తకంగా వచ్చాయి. ఆయన పద్ధతి ఒకటే: పని మొదలుపెట్టే ముందు దేవునితో ఒక మాట, పని మధ్యలో ఒక మాట, అయ్యాక ఒక మాట. మనసు ఎటో పోతే తిట్టుకోకుండా మళ్లీ తెచ్చుకోవడం. గిన్నెల దగ్గర ఉన్నప్పుడు కూడా మోకాళ్ల మీద ఉన్నప్పటిలాగే దేవునితో ఉండగలిగాడట. ఆయన అది ఒక్కరోజులో నేర్చుకోలేదు. మొదటి ఏళ్లు చాలా కష్టపడ్డానని ఆయనే అన్నాడు.

ఇక నాకు బాగా దగ్గరైన మాట. కనిపెట్టడం.

మామూలు తెలుగులో దొంగను కనిపెట్టారంటాం, కొత్త మిషను కనిపెట్టారంటాం. "స్టవ్ మీద పాలు ఉన్నాయి, కాస్త కనిపెట్టుకుని ఉండు" అని అమ్మ చెబుతుంది. తెలుగు బైబిల్లో మాత్రం దేవుని కోసం కనిపెట్టడం అంటే ఎదురుచూడటం. బైబిలు మిషను దేవదాసు అయ్యగారి బోధలో పెరిగిన కుటుంబాల వాళ్లకు "సన్నిధి", "కనిపెట్టుట" ఇంట్లో మాటలే. దేవుని సన్నిధిలో అడగడం ఆపి ఊరికే కనిపెట్టడం. నాకు ఆ అర్థం ఎక్కింది 130వ కీర్తనతో. ఉదయం కోసం కావలివాళ్లు ఎదురుచూసే దానికంటే ఎక్కువగా నా ప్రాణం ప్రభువు కోసం ఎదురుచూస్తోందని చెబుతూ, ఆ కావలివాళ్ల మాటను కవి వెంటనే రెండోసారి చెబుతాడు. చిన్నప్పుడు సండేస్కూల్లో, ఎందుకు రెండుసార్లని అడిగితే ఎవరూ చెప్పలేదు.

కువైట్‌లో మొదటి మూడేళ్లు నాది హారిస్ పని. బిల్డింగు కాపలా. రాత్రి కాపలా చేసినవాళ్లకు ఆ రెండోసారి ఎందుకో తెలుసు. రెండు గంటలప్పుడు టైం చూస్తాం. చాలాసేపయ్యిందనుకుని మళ్లీ చూస్తే రెండుం పది. కాపలావాడు పొద్దును తొందరపెట్టలేడు. అతను లేపితే సూర్యుడు లేవడు. కానీ పడుకోడు కూడా. పొద్దు వచ్చే గుర్తులు అతనికి వరసగా తెలుసు. ఫజర్ అజాన్, తర్వాత ఖుబ్బూస్ బండి, తర్వాత ఎదురు బిల్డింగు గోడ మీద పావురాలు. మౌనంగా దేవుని దగ్గర కూర్చోవడం ఇదేననిపిస్తుంది నాకు. ఏమీ జరగని రాత్రులే ఎక్కువ. కూర్చున్న పది నిమిషాల్లో తొమ్మిది మనసు ఊర్లోనే ఉంటుంది. అయినా కాపలావాడు డ్యూటీలో ఉన్నట్టే లెక్క.

ఒక హెచ్చరిక చెప్పి తీరాలి. ఒక కంపెనీలో నాలుగు నెలల జీతం ఆగిపోతే, అక్కడి తమ్ముళ్లకు ఒక బోధకుడు "మౌనంగా ఉండండి, దేవుడే చూసుకుంటాడు" అని చెప్పి పంపించేశాడు. అది ధ్యానం కాదు, నోరు నొక్కడం. పొలంలో పనిచేసినవాళ్లకు ఇవ్వకుండా బిగబట్టిన కూలి దానంతటదే మొరపెడుతుందని యాకోబు రాశాడు (5:4). జీతమే అరుస్తుంటే మనిషిని ఊరుకోమంటే ఎలా? పది నిమిషాలు దేవుని దగ్గర కూర్చోండి, కోపాన్ని ఆయన ముందు కక్కండి, ఆ తర్వాత కాగితాలు తీసుకుని వెళ్లండి. కువైట్‌లో అయితే పబ్లిక్ అథారిటీ ఫర్ మ్యాన్‌పవర్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు. ఇండియన్ ఎంబసీ ఉంది, మన ప్రభుత్వం మదద్ పోర్టల్ ఉంది. ఏలీయాను కొండ దిగి పొమ్మన్న దేవుడు మిమ్మల్ని ఆఫీసుకు పోవద్దనడు.

అలాగే, ఒంటరిగా మౌనంగా కూర్చుంటే చచ్చిపోవాలన్న ఆలోచనే తిరిగి తిరిగి వస్తుంటే, దయచేసి ఒక్కరే కూర్చోకండి. అప్పుడు మీకు కావాల్సింది పక్కన మనిషి. రూమ్మేట్‌ని లేపండి, సంఘంలో ఒకరికి ఫోన్ చేయండి, డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఏలీయాకు కూడా ముందు దూత వచ్చి తట్టింది.

మొదలుపెట్టడానికి ఏ వాక్యం అని చాలామంది అడుగుతున్నారు. నా సలహా యాత్రకీర్తనలు. 120 నుంచి 134 వరకు పదిహేను. 132 తప్ప అన్నీ చిన్నవే. 131, 133, 134 మూడేసి వచనాలే. గుడికి పోతూ దారిలో పాడుకునేవని పెద్దలు చెబుతారు. పోయేవాళ్ల పాటలు కాబట్టి బరువు తక్కువ. జేబులో పట్టేస్తాయి.

పద్ధతి కూడా చెప్పేస్తాను. ఫోన్లో బైబిలు చదివేవాళ్లు ముందు డేటా ఆపండి. పిల్లలు ఊర్లో ఉన్నవాళ్లు రింగు మాత్రం ఉంచుకోండి, లేకపోతే మనసంతా ఫోన్ మీదే ఉంటుంది. ఒక కీర్తన నిదానంగా రెండుసార్లు చదవండి. ఏ మాట దగ్గర కాలు ఆగిందో ఆ మాట పట్టుకుని మిగతాది వదిలేయండి. దాన్నే గొణగండి. మధ్యలో వడ్డీ గుర్తొస్తే వడ్డీ గురించే దేవునికి చెప్పి మళ్లీ ఆ మాటకు రండి. ఎన్నిసార్లు పోతే అన్నిసార్లు రండి. పది నిమిషాలు చాలు, ఐదైనా చాలు. రాత్రి పడుకునే ముందు ఆ రోజును ఒకసారి వెనక్కి తిప్పి చూసుకోండి: ఎవరు మంచిగా మాట్లాడారు, నేను ఎవరి మీద అరిచాను, రేపు ఎవరి దగ్గరికి వెళ్లాలి. ఇగ్నేషియస్ లొయోలా 1548లో అచ్చయిన తన పుస్తకంలో ఇలాంటి పరీక్షే నేర్పాడు.

పిల్లల్ని ఊర్లో అమ్మ దగ్గర వదిలి వచ్చిన అక్కలకు ఒక్క మాట. 131వ కీర్తనలో పాలు మాన్పించిన పిల్ల తల్లి దగ్గర ఊరుకుని ఉన్న బొమ్మ ఉంది. మీలో కొందరు పాలు మాన్పించకుండానే విమానం ఎక్కారు. ఆ కీర్తన చదవలేకపోతే పక్కన పెట్టండి, మొదట 121 తీసుకోండి. చదవగలిగిన రోజున చదవండి. ఏడుపొస్తే అది కూడా హగాయే, గువ్వ మూలుగు అన్నాను కదా.

వచ్చే శుక్రవారం మొదటి యాత్రకీర్తన, 120, తీసుకుంటాను. అందులో ఆయన కేదారు గుడారాల దగ్గర పరవాసిగా ఉన్నానని బాధపడతాడు. కేదారు అంటే అరబ్బు ఎడారి తెగ. మనం ఉన్న వైపే. అప్పటిదాకా ఆ ఏడు వచనాలు రోజుకొకటి చొప్పున నెమరువేసి రండి. మీ మాట ఏ వచనం దగ్గర ఆగిందో వాయిస్ మెసేజ్ పెడితే ఎపిసోడ్‌లో వినిపిస్తాను. పేరు వద్దనుకుంటే పేరు చెప్పను.